డీఏపీ వేసినా వేరుశనగ కాయలు లొట్టపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మాది కదిరి దగ్గర ఎర్రనేల. మూడెకరాల్లో వేరుశనగ వేశాను. ఏటా దుక్కిలో ఎకరాకు బస్తా డీఏపీ వేస్తాను. చెట్టు పచ్చగా ఏపుగా వస్తుంది గానీ పీకితే సగం లొట్ట కాయలే. ఇప్పుడు పైరు 40 రోజులది. మరో అర బస్తా డీఏపీ పైపాటుగా వేయమంటారా?

జవాబు: వద్దండి. డీఏపీలో ముఖ్యంగా ఉండేది భాస్వరం, అది నేలలో కదలదు. వేసినచోటే ఉండి, ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగిసిపోతుంది. పైన చల్లితే వేళ్ళకు అందేది బహు తక్కువ. వేరు, వేరు మీద నత్రజని పట్టే బుడిపెలు, పూత బాగుండాలంటే భాస్వరం కావాల్సిందే, కానీ దాన్ని విత్తే ముందే వేయాలి. ఏటా బస్తా వేస్తున్న చేలో ఇప్పటికే నిల్వ ఉండవచ్చు. అతిగా వేస్తే జింకు అందక ఆకులు పాలిపోతాయి కూడా.

మీ చేలో కరువు కాల్షియం, గంధకాలదని నా అనుమానం. డీఏపీలో ఈ రెండూ ఉండవు. కాయకు కావాల్సిన కాల్షియాన్ని వేరు పైకి తీసి పంపదు. పూత రాలాక కాయ కట్టడానికి కిందికి సాగే ఊడ నేలలోకి దిగాక, ఆ కాయే చుట్టూ ఉన్న మట్టిలోంచి పీల్చుకోవాలి. పైన రెండంగుళాల మట్టిలో అది లేకపోతే చెట్టు ఎంత పచ్చగా ఉన్నా లోపల గింజ కట్టదు.

కాబట్టి పదును చూసుకుని కాల్షియం, గంధకం రెండూ ఉండే జిప్సం ఎకరాకు 200 కిలోలు మొదళ్ళ దగ్గర వేసి, వెంటనే మట్టి ఎగదోయించండి. 45 రోజులు దాటితే సాళ్ళ మధ్య గుంటక తోలకండి, ఊడలు తెగిపోతాయి.

వచ్చే ఖరీఫ్‌కు ముందు మట్టి పరీక్ష చేయించండి. వర్షాధారానికి ఎకరాకు 16 కిలోల భాస్వరం సిఫార్సు. బస్తా డీఏపీలో 23 కిలోలుంటుంది, అంటే ఎక్కువే వేస్తున్నారు. దాని బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రెండు బస్తాలు వేస్తే ఆ 16 కిలోలతోపాటు 11 కిలోల గంధకం, కొంత కాల్షియం కూడా వస్తాయి. యూరియా 18, పొటాష్ 33 కిలోలు కలిపి ఆఖరి దుక్కిలో వేయండి. సూపర్ దొరక్కపోతే డీఏపీ 35 కిలోలు చాలు, యూరియా నాలుగైదు కిలోలకు తగ్గించండి. కొందరు ఎరువును గొర్రులో విత్తనంతోపాటే జారవిడుస్తున్నారు. అలా చేస్తే మొలక దెబ్బతింటుంది. జిప్సం మాత్రం ఏ ఎరువు వేసినా తప్పదు.