పాత ఏసీ, ఫర్నేస్ మారుస్తున్నాం, రేటింగ్ ఎంత పెద్దదైతే అంత మంచిదా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: 10 సీర్ ఉన్న పాత ఏసీని, ఇంటిని వేడిచేసే 80 శాతం గ్యాస్ ఫర్నేస్‌ను ఒకేసారి మార్చాలి. ఒకరు 16 సీర్ ఏసీతో పాటు 96 శాతం ఫర్నేస్ అన్నారు, ఇంకొకరు అదే జోడీని 15.2 సీర్2 అని రాసిచ్చారు, మూడోవారు ఫర్నేసే వద్దు, ఎండాకాలం చల్లదనాన్నీ, చలికాలం వేడినీ కరెంటుతోనే ఇచ్చే 18 సీర్2 హీట్ పంప్ పెట్టుకోండి అన్నారు. ఏది తీసుకోవాలి?

ముందు ఒక మాట. మొదటి రెండూ దాదాపు ఒకటే. సీర్ అంటే సీజన్ మొత్తంలో ఇంట్లోంచి లాగిన వేడిని బీటీయూల్లో (వేడిని కొలిచే ప్రమాణం) లెక్కగట్టి, అందుకు ఖర్చయిన కరెంటుతో (వాట్-అవర్లలో) భాగిస్తే వచ్చే అంకె. అమెరికాలో 2023 జనవరి నుంచి ఈ పరీక్ష విధానం మార్చారు, కొత్త పరీక్ష ఇచ్చే అంకె పేరే సీర్2. పాత పరీక్షలో డక్టుల (గాలిని గదులకు చేర్చే గొట్టాల) వల్ల ఫ్యాన్ మీద పడే ఒత్తిడిని 0.1 అంగుళం నీటిమట్టంగా తీసుకునేవారు. నిజం ఇళ్లలో అది అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి కొత్త పరీక్షలో 0.5 అంగుళానికి పెంచారు. ఫ్యాన్ ఎక్కువ కష్టపడాలి, అందుకే అదే యంత్రానికి అంకె నాలుగైదు శాతం తగ్గింది. 16 సీర్ అన్నది 15.2 సీర్2 కావడం ఆ లెక్కే. మేము మార్చినప్పుడు కూడా కొటేషన్లలో ఈ రెండు కొలతలూ కలగాపులగంగా వచ్చాయి. అన్నిటినీ సీర్2 లోకి తెచ్చి మళ్లీ పంపమని అడిగాం, ఎవరూ కాదనలేదు. మీరూ అడగండి, అది మీ హక్కు.

ఇండియా లేబుళ్ల మీద ఉండే ఐసీర్‌తో దీన్ని పోల్చకండి. అక్కడ వేడినీ, కరెంటునూ ఒకే కొలమానంలో కొలుస్తారు. 5 ఐసీర్‌ను 3.412తో హెచ్చిస్తే 17 వస్తుంది కానీ, 24 నుంచి 43 డిగ్రీల వరకు ఉష్ణోగ్రతలతో, ఏడాదికి 1600 గంటల వాడకంతో చేసే లెక్క అది. పరీక్షే వేరు. అంకెను ఏ పరీక్ష ఇచ్చిందో తెలియకుండా పోల్చడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక పెద్ద అంకె సంగతి. ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, నిర్ణయమంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. 3 టన్నుల ఏసీ అంటే గంటకు 36,000 బీటీయూలు. ఏడాదిలో పూర్తి స్థాయిలో 1000 గంటలు నడిచినంత పని ఉందనుకోండి. 10 సీర్ యంత్రానికి 3600 యూనిట్లు అవుతాయి. 14 అయితే 2571, 18 అయితే 2000, 22 అయితే 1636. ప్రతిసారీ పెంచింది నాలుగే. మొదటి నాలుగు వెయ్యి యూనిట్లకు పైగా మిగిల్చాయి, రెండో నాలుగు 571, మూడో నాలుగు 364. యంత్రం ధర మాత్రం పైకి వెళ్లేకొద్దీ తగ్గదు, పెరుగుతుంది. కాబట్టి పది నుంచి పదహారుకు వెళ్లడంలో సందేహించాల్సిన పని లేదు, అక్కడి నుంచి పైకి వెళ్లేటప్పుడే కాగితం, కలం పట్టుకోవాలి. మీ కరెంటు బిల్లులు తీసి, ఎండాకాలం నెలల వాడకంలోంచి ఏసీ వాడని నెలల వాడకాన్ని తీసేయండి. మిగిలేదే ఏసీ వాటా. దాన్ని పాత సీర్‌తో హెచ్చించి కొత్త సీర్‌తో భాగిస్తే కొత్త వాడకం సుమారుగా తెలుస్తుంది. భాగించే ముందు సీర్2ను పాత సీర్‌లోకి మార్చుకోవడం మరిచిపోకండి. అమ్మేవారి కరపత్రంలో ఉండే పొదుపు శాతం కన్నా ఈ లెక్కే మీ ఇంటికి దగ్గరగా ఉంటుంది.

సీర్ సగటు మాత్రమే అన్నది కూడా గుర్తుంచుకోండి. మండే ఎండలో యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పేది ఈఈఆర్, దాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. వేగం మార్చుకునే కంప్రెసర్లు తక్కువ భారం మీద బాగా పొదుపు చేస్తాయి, అందుకే వాటి సీర్ ఎక్కువ కనిపిస్తుంది. పూర్తి భారం పడ్డప్పుడు మాత్రం వాటిలో కొన్నిటి ఈఈఆర్ అంకె మామూలు యంత్రం కంటే గొప్పగా ఏమీ ఉండదు. మీ దగ్గర ఎండలు తీవ్రంగా, చాలా రోజులు ఉంటాయంటే రెండు అంకెలూ అడిగి తీసుకోండి. నేనైతే ఈఈఆర్ చెప్పని కొటేషన్‌ను పక్కన పెడతాను.

ఫర్నేస్‌కు ఏఎఫ్‌యూఈ అని శాతంలో ఇస్తారు. ఇది సూటిగానే ఉంటుంది: 96 శాతం అంటే కాల్చిన గ్యాస్‌లోని వేడిలో 96 పాళ్లు ఇంట్లోకి వస్తాయి. 80 నుంచి 96కు మారితే గ్యాస్ ఆరో వంతు తగ్గుతుంది. ఇందులో డక్టుల నష్టం గానీ, ఫ్యాన్ తినే కరెంటు గానీ కలపరు. ఇంకొక విషయం చాలామంది చెప్పరు, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 90 శాతం దాటిన ఫర్నేసులు పొగలోని నీటి ఆవిరిని కూడా చల్లార్చి ఆ వేడిని రాబడతాయి. పొగ చల్లబడుతుంది కాబట్టి వాటికి చిమ్నీ అక్కర్లేదు, ప్లాస్టిక్ గొట్టంతో బయటికి వదులుతారు, నీరు పోవడానికి డ్రెయిన్ పెడతారు. మీ పాత ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ ఒకే చిమ్నీని వాడుకుంటూ ఉంటే, ఫర్నేస్ తీసేశాక ఆ పెద్ద చిమ్నీలో వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని పొగ ఒక్కటే ఆ చిమ్నీని తగినంత వేడెక్కించలేక ఇంట్లోకి తిరిగి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. చిమ్నీకి సరైన కొలతలో లైనర్ (లోపల వేసే గొట్టం) వేస్తారా, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందా అని తప్పకుండా అడగండి.

హీట్ పంప్‌ను ఫర్నేస్‌తో పోల్చేటప్పుడు శాతాలు చూస్తే తికమకే. కరెంటు కాయిల్ హీటర్‌కు నూటికి నూరు శాతం రేటింగ్ ఉంటుంది, బిల్లు మాత్రం భారీగా వస్తుంది. హీట్ పంప్‌కు వేడి వైపు రేటింగ్ హెచ్‌ఎస్‌పీఎఫ్2. దాన్ని 3.412తో భాగిస్తే ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి వస్తుందో తెలుస్తుంది. 8.5 అయితే దాదాపు రెండున్నర. ఒక థర్మ్ గ్యాస్ అంటే లక్ష బీటీయూలు, 96 శాతం ఫర్నేస్‌లో అది 96,000 బీటీయూల వేడినిస్తుంది. అదే వేడికి ఈ హీట్ పంప్ 11.3 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. కనుక మీ బిల్లుల్లో ఒక థర్మ్ ధర ఎంతో, 11.3 యూనిట్ల ధర ఎంతో పక్కపక్కన రాసి చూడండి, జవాబు అక్కడే ఉంది. చలి బాగా పెరిగితే హీట్ పంప్ ఇచ్చే వేడి తగ్గుతుంది, లోటు పూడ్చడానికి కాయిల్ హీటర్ అందుకుంటుంది. అందుకే మైనస్ 8, మైనస్ 15 డిగ్రీల దగ్గర ఎంత వేడి ఇస్తుందో చూపించే పట్టిక అడగాలి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది. మా ఇంట్లో డక్టులు అటక మీదుగా వెళ్తాయి. కొలతలకు వచ్చిన మెకానిక్ యంత్రం దగ్గరికి వెళ్లకుండా ముందు టార్చితో అటక ఎక్కాడు. జాయింట్ల దగ్గర చుట్టిన దూది లాంటి ఇన్సులేషన్ కొన్నిచోట్ల నల్లగా మారి ఉంది. గాలి కారేచోట దుమ్ము వడపోసినట్టు దానికే పట్టేస్తుందట. ఆ నలుపు ఉన్నచోట చెయ్యి పెడితే చల్లగాలి వేళ్లకు తగులుతోంది. ఎప్పుడో అంటించిన గుడ్డ టేపు జిగురు ఎండి, పొట్టులా ఊడి వచ్చింది. ఆ జాయింట్లకు మాస్టిక్ (సందులు మూసే చిక్కటి పూత) పూయించాం, అటకలో ఇన్సులేషన్ పెంచాం. ఆ తర్వాత గదుల వారీగా కిటికీలు, గోడలు, దిక్కులు అన్నీ చూసి వేడి భారం లెక్కగట్టించాం. మాన్యువల్ జె అనేది ఈ లెక్క పేరు. పాత యంత్రం 4 టన్నులది, లెక్క ప్రకారం మాకు మూడే చాలని తేలింది. డక్టుల్లో నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం కారిపోవడం సాధారణ ఇళ్లలో మామూలే. కారుతున్న డక్టుల మీద 18 సీర్2 పెట్టడం కన్నా బిగించిన డక్టుల మీద 15.2 పెట్టడం మేలని నేను నమ్ముతాను.

అవసరానికి మించిన టన్నులు కూడా నష్టమే. గది త్వరగా చల్లబడి యంత్రం ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. గాలిలోని తేమను లాగడానికి దానికి సమయం దొరకదు. చల్లగా ఉన్నా జిగటగా అనిపించే ఇళ్లలో చాలావరకు కారణం ఇదే. పాతది ఎన్ని టన్నులో చూసి అదే రాసిచ్చే వారిని కాకుండా, ఇల్లు కొలిచి రాసేవారిని ఎంచుకోండి.

మీరు రాసిన దాన్ని బట్టి ఎండాకాలం పొడవు, చలి ఒక మోస్తరు. పైన చెప్పిన థర్మ్ లెక్కలో కరెంటు గెలిస్తే హీట్ పంప్ వైపు వెళ్లండి. గెలవకపోతే 15.2 సీర్2 ఏసీ, 96 శాతం ఫర్నేస్ తీసుకుని, మిగిలిన డబ్బు డక్టులకు పెట్టండి. ఏది తీసుకున్నా బయటి యూనిట్, గాలిని చల్లబరిచే లోపలి కాయిల్, ఫర్నేస్ లేదా ఎయిర్ హ్యాండ్లర్ (గాలిని డక్టుల్లోకి నెట్టే లోపలి పెట్టె) మోడల్ నంబర్లన్నీ కొటేషన్‌లో రాయించుకోండి. రేటింగ్ ఆ జోడీ మొత్తానికి ఇచ్చేది, బయటి యూనిట్ ఒక్కదానికే కాదు. ఆ జోడీకి ఏహెచ్‌ఆర్‌ఐ (ఈ యంత్రాల తయారీదారుల సంఘం) ధ్రువపత్రం నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల డైరెక్టరీలో మీరే సరిచూసుకోవచ్చు. పాత కాయిల్‌ను అలాగే ఉంచి బయటి యూనిట్ ఒక్కటే మారుస్తామంటే ఒప్పుకోవద్దు.