సిక్ లీవులు ఎక్కువుంటే డుమ్మా కొట్టినట్టేనా?

ప్రశ్న: ఎంబీఏ హెచ్‌ఆర్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక కంపెనీవి రెండు యూనిట్ల హాజరు లెక్కలు చూశాను. కార్మిక ప్రతినిధులున్న యూనిట్‌లోనే సిక్ లీవులు ఎక్కువ. అండ చూసుకుని డుమ్మా కొడుతున్నారని రిపోర్టులో రాయొచ్చా? ఈ అంశంపై పట్టు ఉంటే ఉద్యోగాలొస్తాయా?

జవాబు: దయచేసి అలా రాయకండి. మీ లెక్కలు ఆ మాట చెప్పడం లేదు. అడిగే దిక్కు లేనిచోట ఒళ్లు కాలిపోతున్నా మెషిన్ ముందు నిలబడేవాళ్లుంటారు. సెలవడిగితే షిఫ్ట్ మారుస్తారేమో, కాంట్రాక్ట్ పొడిగించరేమోనని భయం. ఆ జ్వరం మస్టర్‌లో 'హాజరు'గానే ఉంటుంది. ప్రతినిధి ఉన్నాడన్న ధైర్యం వచ్చాక అదే మనిషి ఇంట్లో పడుకుంటాడు, మీకు సెలవు పెరిగినట్టు కనిపిస్తుంది. అండ చూసుకుని సెలవు పెట్టేవాళ్లు అసలుండరని అనను. అది తేల్చాలంటే ముందు రెండుచోట్లా కార్మికుల వయసు, పని తీరు, పర్మనెంట్ వాళ్లెందరు, సిక్ లీవుకి జీతం వస్తుందా అన్నవి పోల్చాలి.

మొత్తం రోజులు కూడి వదిలేయకండి. ఒక్కరోజు సెలవులు, నెలల తరబడి సెలవులు విడదీసి, సెక్షన్లవారీగా చూడండి. ప్యాకింగ్‌లో నడుంనొప్పి సెలవులు వరసగా కనిపిస్తే అక్కడి ప్రతినిధి దగ్గర కూర్చోండి. బల్ల ఎత్తు చాలక రోజంతా వంగి పనిచేస్తున్నామని ఆయన చెప్పొచ్చు. ఆ బల్ల మారిస్తే సెలవులు తగ్గొచ్చు కూడా. నాకు ఈ అంశంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఇలా ప్రతినిధులతో కలిసి చూడటం జర్మనీలో చట్టంలోనే ఉంది. అక్కడ కనీసం 5 మంది శాశ్వత ఉద్యోగులున్నచోట వర్క్స్ కౌన్సిల్‌ని, అంటే ఉద్యోగుల ప్రతినిధుల బృందాన్ని, ఎన్నుకోవచ్చు. ఏడాదిలో 6 వారాలకు మించి ఎవరైనా జబ్బుతో రాకపోతే, ఆ ఉద్యోగి ఒప్పుకుంటే, యాజమాన్యం కౌన్సిల్‌తో కలిసి వాళ్లు తిరిగి పనిలోకి వచ్చే దారి చూడాలని చట్టం.

ఉద్యోగాల సంగతి: హెచ్‌ఆర్‌లో పారిశ్రామిక సంబంధాల విభాగం, వృత్తి ఆరోగ్య, భద్రత విభాగాలు మీకు సరిపోతాయి. కార్మిక చట్టాలతో పాటు స్టాటిస్టిక్స్ గట్టిగా చదవండి. అది లేకపోతే ఈ రంగంలో మేనేజర్ ఏమంటే అదే నిజమనుకోవాల్సి వస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం కూడా చదవండి, భద్రత విషయంలో కార్మిక ప్రతినిధుల పాత్ర అందులో ఉంది.

రిపోర్టు ఇచ్చేముందు పేర్లు, ఎవరి జబ్బేమిటన్న వివరాలు తీసేసి, ఆ పట్టికను రెండు యూనిట్లవాళ్లకూ చూపించండి. ప్రతినిధులు లేని యూనిట్‌లో మాత్రం సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు అడగండి.