ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సోలార్ ప్యానెల్స్ గీస్తే అది చదువా, ఆటా?

నరసన్నపేట వైపు నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయికి ఈఈఈ డిప్లొమా అయిపోయింది, ఈసెట్‌కి చదవవే అంటే రాత్రిళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మ్యాప్‌లో ఊళ్లో ఇళ్ల మీద సోలార్ ప్యానెల్స్ గీస్తోందట, పైసా రాదట, "ఇదేటి మాస్టారూ, దీనికేటైనా ఉద్యోగం ఉందా?" అని.

సూటిగా చెప్పేస్తానండీ, అదొక్కటే ఉద్యోగం అవ్వదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది, జనమే కలిసి నింపుకునే మ్యాప్ అది, గీసినందుకు జీతం రాదు. అయినా ఆపించేయకండి. ఆమె చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా యూజర్‌నేమ్ కింద ఉండిపోద్ది, రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. తప్పులుంటే అవీ కనిపిస్తాయి మరి.

ఇక్కడి నుంచి ఫోన్ అమ్మాయికిచ్చేయండి.

అమ్మా, డాబా మీద ఉన్నది కరెంటు ప్యానెలా, వేణ్ణీళ్ల హీటరా అన్నది ముందు తేల్చుకో. పైనుంచి రెండూ ఒకేలా నల్లగా కనిపిస్తాయి, కాకపోతే హీటర్‌కి చాలాసార్లు ఒక అంచున గొట్టంలాంటి పొడుగు ట్యాంక్ ఉంటుంది. గీసిందేంటో చెప్పే లేబుళ్లని ట్యాగ్‌లంటారు, కరెంటుదైతే పవర్ దగ్గర జనరేటర్, సోర్స్ సోలార్, మెథడ్ ఫొటోవోల్టాయిక్, లొకేషన్ రూఫ్. హీటరైతే మెథడ్ థర్మల్, అవుట్‌పుట్ హాట్ వాటర్. ఈ ట్యాగ్‌లు బిల్డింగ్‌కి తగిలించకు, ప్యానెల్స్ ఉన్నంత మేర చుట్టూ విడిగా ఒక గీత గీసి దానికి పెట్టు, ఒక్కో ప్యానెల్‌కీ ఒక్కో డబ్బా అక్కర్లేదు, సెట్టుకొకటి చాలు. ఎకరాల్లో వేసిన పెద్ద ప్లాంటైతే చుట్టూ హద్దుకి పవర్ దగ్గర ప్లాంట్ అని, లోపలి వరసలకి జనరేటర్ అని.

ఎక్కువమంది దెబ్బతినేది కిలోవాట్ల దగ్గర. ఫొటో చూసి "3 కిలోవాట్లు ఉంటుందిలే" అని రాసేస్తారు. 540 వాట్ల ప్యానెల్స్ అయితే ఆరిటికే 3 దాటుతుంది, పాత 330 వాట్లవి అయితే తొమ్మిదో పదో కావాలి. ఇంటాయన చెప్తే రాయి, లేకపోతే అవుట్‌పుట్‌కి యెస్ అని వదిలేసి, మాడ్యూల్స్ (అంటే ప్యానెల్స్) లెక్క తెలిస్తే అది పెట్టు. ఇంటాయన పేరు మాత్రం మ్యాప్‌లో వద్దు. గూగుల్ మ్యాప్స్ చూసి కాపీ కొట్టడం అసలే కుదరదు, లైసెన్స్ ఒప్పుకోదు, మ్యాప్ ఎడిటర్‌లో వచ్చే బింగ్, ఎస్రీ శాటిలైట్ ఫొటోలు వాడుకో. అవి ఒక్కోచోట పాతవి, డాబా సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలయ్యాక ఎక్కిన ప్యానెల్స్ చాలా వాటిలో కనిపించవు, కాబట్టి సాయంత్రం వీధిలో నడిచి చూసిందే లెక్క. (డాబాలెక్కమని అనట్లేదు!)

ఇదంతా ఎవరికి పనికొస్తుంది అంటే, డాబా మీద పుట్టి ఆ ఇంట్లోనే ఖర్చయిపోయే కరెంటు గ్రిడ్ వాళ్లకి నేరుగా కనపడదు, డిమాండ్ తగ్గినట్టే ఉంటుంది, మబ్బు పట్టగానే ఒక్కసారిగా లేస్తుంది. ఏ ఊళ్లో ఎంత సోలార్ ఉందో తెలిస్తేనే ముందుగా అంచనా కట్టగలరు. బ్రిటన్‌లో వాలంటీర్లు ఈ మ్యాప్‌లోనే గీసినవాటిని ప్రభుత్వ లెక్కలతో కలిపి 2020లో 2.6 లక్షలకి పైగా ఇన్‌స్టలేషన్ల డేటా బయటపెట్టారు.

ఇంటర్వ్యూలో గీయడం గురించి అడక్కపోవచ్చు, కిలోవాట్‌కీ యూనిట్‌కీ తేడా ఏంటి, లైన్‌లో కరెంటు పోతే బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌కి కలిపిన) సోలార్ ఎందుకు ఆగిపోద్ది అని అడుగుతారు. లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా ఇన్వర్టరే ఆపేస్తుంది, డిప్లొమావాళ్లకి నోటికొచ్చి ఉండాలి ఇది. దీంతో పాటు మ్యాప్ డేటాతో పనిచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో, అది ఫ్రీ. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల ఐఐఆర్‌ఎస్ సంస్థ రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ ఫొటోలు చదవడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాప్‌ల పని) మీద ఆన్‌లైన్ కోర్సులు ఫ్రీగా చెప్తుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. సోలార్ కంపెనీల్లో సైట్ సర్వే, డిజైన్ పనికి ఈఈఈ తెలిసి మ్యాప్ చదవగలిగే మనిషి కావాలి, నా లెక్కలో నీ దారి అటే.

నాన్నగారూ, ఈసెట్ అయ్యేదాకా మ్యాప్ పని ఆదివారాలకి పెట్టమనండి. ముందు మీ వీధి, తర్వాత మీ వార్డు, పూర్తిగా. అది అయ్యాక రెజ్యూమెలో హాబీస్ కింద కాకుండా ప్రాజెక్ట్స్ కింద, యూజర్‌నేమ్ లింకుతో సహా రాయించండి.