మీ ప్రశ్న – పెద్దమాస్టారి జవాబు

ప్రశ్న: మాస్టారూ, మా బడిలో కూరగాయల తోట వేద్దామని రెండుసార్లు తల్లిదండ్రుల సమావేశం పెట్టాను. ముగ్గురే వచ్చారు. ఏం చేయను?
– ఒక టీచరమ్మ, కోనసీమ

జవాబు: అమ్మా, సమావేశమంటే నేనూ రాను! కుర్చీలు వేసి ఉపన్యాసమిస్తే ఎవరొస్తారు? పని పెట్టండి. తొలకరి పడ్డాక ఒక ఆదివారం పొద్దున్నే, "గునపం, పలుగు మీవే, టీ మాది" అని చాటింపు వేయించండి. మా బడిలో అలాగే చేస్తే పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు టీ కోసమే, అది వేరే సంగతి. కానీ ఒక మామ్మ ఎండిన సొరబుర్రలో బూడిద కలిపి దాచిన బీర గింజలు పట్టుకొచ్చింది. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు, ఆవిడే చెప్పింది.

ముందు తోటకూర చల్లండి. నెల తిరక్కుండానే కోతకొస్తుంది, పిల్లలకు ఓపిక తక్కువ కదా. కంచె వెంట మునగ కొమ్మలు పాతండి. మధ్యాహ్న భోజనం దగ్గర చేతులు కడిగే నీళ్లను కాలువ తీసి మళ్లించండి. బెండ గింజకీ గింజకీ 30 సెంటీమీటర్లు పిల్లల చేతే కొలిపించండి, లెక్కల పీరియడ్ అక్కడే అయిపోతుంది.

బడి తోటల గురించి కేంద్రం 2019లోనే మార్గదర్శకాలిచ్చింది, హెడ్మాస్టరు గారు సణిగితే చూపించండి. అసలు చిక్కు వేసవి సెలవులు. నీళ్లు పోసే వంతులు ఏప్రిల్లోనే రాసి గోడకు అంటించండి. మేకల సంగతి మాత్రం నాకూ ఇంకా తెగలేదు.