కూరగాయల మడి ఏడాది పొడవునా ఖాళీ పడకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. ఒక కాలంలో బాగా కాసిన మడి తరువాతి కాలం వచ్చేసరికి నెలల తరబడి ఖాళీగా ఉంటోంది. టమాటా మొక్కలు ఏపుగా పెరిగినా పూత నిలవడం లేదు. కాపు తగ్గిన మొక్కను ఉంచాలో పీకేయాలో తేలడం లేదు. చాలా ఏళ్లుగా ఇంటి దగ్గర కూరగాయలు పండిస్తున్న అనుభవంతో నేను చెప్పేదేమిటంటే, ఈ మూడింటికీ మూలం ఒక్కటే. మనలో చాలామంది విత్తనం వేసే రోజున ఎండ, చలి ఎలా ఉన్నాయో చూసి అదను నిర్ణయిస్తారు. మొక్కకు మాత్రం వాతావరణం అన్నిటికన్నా ముఖ్యమయ్యేది పూత పట్టే రోజుల్లో. అందువల్ల ఏ కూరగాయకైనా పూత ఎప్పుడు వస్తుందో ముందు అంచనా వేసుకుని, ఆ రోజులు దానికి అనుకూలంగా ఉంటాయో లేదో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టి విత్తే తేదీని ఖరారు చేసుకోవాలి.

టమాటానే తీసుకోండి. నారు పోసిన 4 నుంచి 6 వారాలకు మొక్క నాటడానికి వస్తుంది. నాటిన తరువాత పూత మొదలు కావడానికి రమారమి మరో నెల పడుతుంది. అంటే ఈరోజు విత్తిన టమాటాకు కావలసినది రెండు, రెండున్నర నెలల తరువాతి వాతావరణం. రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కన్నా కిందికి పోయినా, 24 డిగ్రీల కన్నా తగ్గకుండా ఉన్నా, పగటి ఎండ 35 డిగ్రీలు దాటినా పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె కట్టదు. పూత రాలే మొక్కను దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. పువ్వు కాడకు మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. ముందు ఆ కణుపు దగ్గర ఆకుపచ్చ రంగు పోయి పసుపు తిరుగుతుంది, తరువాత వేలితో తాకగానే పువ్వు సరిగ్గా అక్కడే ఊడిపోతుంది. ఆకులు నిగనిగలాడుతూ, పురుగు జాడ లేకుండా ఇలా జరుగుతుంటే కారణం చాలావరకు వేడి గాని, నత్రజని ఎరువు ఎక్కువ కావడం గాని అయి ఉంటుంది. ఆ దశలో పూత నిలవడానికంటూ మందులు చల్లడం, మరింత ఎరువు వేయడం వల్ల ప్రయోజనం ఉండదు. నీటి తడి తప్పకుండా చూసి, మధ్యాహ్నపు ఎండకు 50 శాతం నీడనిచ్చే వల కట్టి మొక్కను కాపాడుకుంటే, రాత్రులు చల్లబడ్డాక అదే మొక్క మళ్లీ పిందె కట్టడం నేను చాలాసార్లు చూశాను.

ఆకుకూరలకు, దుంపలకు ఇదే లెక్క తలకిందులుగా వర్తిస్తుంది, ఎందుకంటే వాటికి పూత రాకపోవడమే మనకు కావలసింది. కొత్తిమీర, లెట్యూస్, ముల్లంగి వంటివి పగలు పొడవై ఎండ ముదిరితే తొందరగా పూకాడ వేస్తాయి. లెట్యూస్ ఆకు చేదెక్కుతుంది, ముల్లంగి దుంప బెండు పడుతుంది. కాబట్టి ఎండలు ముదరకముందే కోత పూర్తయ్యేలా వీటిని విత్తుకోవాలి. చిన్న రకం ముల్లంగి నెల లోపే చేతికి వస్తుంది కనుక వెసులుబాటు ఎక్కువ. క్యారెట్‌కు రెండున్నర, మూడు నెలలు పడుతుంది కనుక ముందే మేలుకోవాలి. కాలీఫ్లవర్ విషయంలో రకం కూడా చూడాలి. దీనిలో ముందస్తు రకాలు, ఆలస్యపు రకాలు వేర్వేరుగా ఉంటాయి, ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే మొక్క ఎదగకముందే బొత్తామంత పువ్వు వేసి ఆగిపోతుంది. విత్తనాల పొట్లం మీద రాసి ఉన్న కాలాన్ని ఈ ఒక్క పంటకైనా తప్పనిసరిగా పాటించండి.

ఎండాకాలంలో మడి ఖాళీ పడుతోందంటే వేడిని ఇష్టపడే పంటలను మీరు ఆలస్యంగా తలుచుకుంటున్నారని అర్థం. బెండ, అలసంద, గోరుచిక్కుడు, తోటకూర, సొర, బీర వేడికి వెరవవు. అయితే బెండ గింజ చల్లని నేలలో కుళ్లిపోతుంది. మట్టి 20 డిగ్రీలకు పైగా వెచ్చబడ్డాక, గింజలను ఒక రాత్రి నానబెట్టి విత్తితే మొలక సమంగా వస్తుంది. విత్తిన ఆరు, ఏడు వారాలకు పూత వస్తుంది, పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కాయ లేతగా కోతకు సిద్ధమవుతుంది. రోజు విడిచి రోజు కోయకుండా కాయలను ముదరనిస్తే మొక్క తన బలమంతా గింజలకు పెట్టి కొత్త పూత తగ్గించుకుంటుంది. బెండ కాపు సగంలోనే ఆగిపోయిందని బాధపడేవారిలో చాలామంది చెట్టు మీద ముదురు కాయలు వదిలేసినవారే.

ఇక ఒక కాలానికీ మరో కాలానికీ మధ్య ఖాళీని పూడ్చేది నారుమడి. పాత పంట ఇంకా కాస్తుండగానే కొత్త పంట నారు పక్కన సిద్ధంగా ఉండాలి. దీనికి పెద్ద చోటు అక్కరలేదు. నాలుగైదు ట్రేలు పట్టేంత వెలుతురు ఉన్న మూల చాలు. టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోసి నాటుకునే పంటలు. నారును ఒత్తుగా పోసి, సాయంత్రం వేళ తడిపి, రాత్రంతా తేమగా ఉంచితే మొక్క మొదలు మెత్తబడి పడిపోయే నారుకుళ్లు వస్తుంది, అందుకని నేను పొద్దున్నే తడుపుతాను, పలుచగా పోస్తాను. మడిలోకి మార్చే ముందు వారం పాటు నారును కొద్దికొద్దిగా ఎండకూ గాలికీ అలవాటు చేయాలి.

క్యారెట్, ముల్లంగి, చిక్కుళ్లు మాత్రం నేరుగా విత్తవలసినవే. వీటిలో క్యారెట్‌కు ఓపిక ఎక్కువ కావాలి, అది మొలవడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పైమట్టి ఒక్కసారి ఎండి గట్టిపడినా సన్నని మొలక పైకి రాలేదు. నేను గింజ చల్లి, పలుచగా మట్టి కప్పి, తడిపిన గోనెసంచి పరుస్తాను. నాలుగో రోజు నుంచి రోజూ ఉదయం సంచి అంచు ఎత్తి చూస్తాను. దారప్పోగు లాంటి తెల్లని మొలకలు రెండు మూడు కనిపించిన రోజు సాయంత్రమే సంచి తీసేస్తాను, ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు సంచి పోగుల్లోకి అల్లుకుపోయి దానితోపాటు ఊడి వస్తాయి. క్యారెట్ మడిలో పచ్చి పేడ ఎరువు వేయకూడదు, దుంపలు చీలి వంకర్లు పోతాయి.

కాలం మారినప్పుడల్లా ఎండ పడే చోటు కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు కనుక గోడల నీడ పొడవవుతుంది. వేసవిలో రోజంతా ఎండ తగిలిన మడికి అప్పుడు సగం పూట కూడా తగలకపోవచ్చు. కాయ పంటలకు కనీసం 6 గంటల నేరు ఎండ కావాలి, ఆకుకూరలు 4 గంటలతోనైనా సర్దుకుంటాయి. పందిరి వేయబోయే ముందు ఆ నీడ ఎటు పడుతుందో చూసుకుంటే, మండే ఎండల్లో దాని కిందే ఆకుకూరలు పెంచుకోవచ్చు.

పంట తీసిన ప్రతిసారీ రెండు, మూడు సెంటీమీటర్ల మందాన చివికిన పశువుల ఎరువు గాని కంపోస్టు గాని పరచి పైమట్టిలో కలపండి. మట్టి పదును మీద ఉన్నప్పుడే ఈ పని చేయాలి. పిడికిట బిగించిన మట్టి ముద్ద వేలితో నొక్కగానే విడిపోతే అది పదును. బంకలా అంటుకుంటుంటే ఆగండి. మొక్కలు నిలదొక్కుకున్నాక ఐదు సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు గాని గడ్డి గాని మొదళ్లకు తగలకుండా కప్పితే నీటి ఎద్దడి తగ్గుతుంది. సాధారణ వాతావరణంలో చదరపు మీటరుకు వారానికి రమారమి 25 లీటర్ల నీరు సరిపోతుంది. ఎండలు ముదిరినప్పుడు పెంచాలి. ఒకరోజు ముంచెత్తి తరువాత ఎండగడితే టమాటా కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్లుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా నీటి ద్వారా అది కాయకు అందకపోవడమే ఎక్కువ సందర్భాల్లో దీనికి కారణం. వానలు ఎక్కువైన రోజుల్లో ఎత్తు మడులే శరణ్యం.

తీగ పంటల్లో పిందెలు పసుపు పడి రాలిపోతుంటే ముందు తేనెటీగలు వస్తున్నాయో లేదో చూడండి. వాన రోజుల్లో అవి రావు. అప్పుడు పిందె లేని మగ పువ్వును కోసి, రేకులు తుంచి, కింద చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మనమే అద్దాలి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. బీర, సొర పువ్వులు సాయంత్రం విచ్చుతాయి. అద్దే వేళ పంటను బట్టి మారాలి.

పీకడం గురించి అడిగారు కదా. ఎండకు ఆగిన మొక్కనూ వయసు ఉడిగిన మొక్కనూ వేరుగా చూడాలి. కొన చిగురు పచ్చగా, కొత్త ఆకు పాత ఆకంత పెద్దగా వస్తుంటే ఉంచండి. వంగ, మిరప మొక్కలనైతే సగానికి కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ కాపుకు వస్తాయి. కొత్త ఆకులు చిన్నవై, కాయలు వంకరపోయి, నారుమడిలో తరువాతి పంట నాలుగైదు ఆకులతో ఎదురుచూస్తుంటే నిస్సంకోచంగా తీసేయండి. చిక్కుడు జాతి మొక్కలను నేలమట్టానికి కోసి వేళ్లను మట్టిలోనే వదిలేయవచ్చు. నత్రజనిని పట్టే బుడిపెలు వేళ్లకు అక్కడక్కడ విడివిడిగా ఉంటాయి, గిల్లితే లోపల గులాబి రంగు కనిపిస్తుంది. టమాటా, వంగ, బెండ మొక్కల వేళ్లే ఉబ్బి ముడులు పడితే అది నులిపురుగు పని. అలాంటి మొక్కలను వేళ్లతో సహా తీసి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబానివి కనుక వాటిలో ఒకటి తీసిన చోట మరొకటి పెట్టకుండా చిక్కుడో, ఆకుకూరో, తీగ పంటో వేసి, కనీసం రెండేళ్లు గడిచాక ఆ కుటుంబాన్ని తిరిగి అక్కడికి తీసుకురండి. ఏ మడిలో ఏ తేదీన ఏది విత్తారో, తొలి పూత, తొలి కోత, చివరి కోత ఎప్పుడో ఒక పుస్తకంలో రాసుకోండి. మీ చోటికి సరిపోయే విత్తే తేదీలు రెండో ఏడు నుంచి అందులోనే దొరుకుతాయి.