పాత బైకుల కన్సల్టెన్సీకి పోలీసు స్టేషన్‌లో లైసెన్సు కావాలా?

గుంటూరులో సెకండ్‌హ్యాండ్ బైకుల కన్సల్టెన్సీ పెట్టబోతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. స్టేషన్‌లో లైసెన్సు తీసుకోకపోతే ఇబ్బంది పడతారని పక్క షాపాయన భయపెట్టారట. ఎస్సై గారు వచ్చి కాగితాలు అడిగితే ఏం చూపించాలని కూడా అడిగారు. విజయవాడలో నాది ఇదే వ్యాపారం. జుట్టు నెరిసింది కూడా ఇందులోనే. కాబట్టి ఈ విషయంలో గట్టిగానే చెప్పగలను.

అక్కర్లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పాత బండ్లు కొని అమ్మడానికి పోలీసులు ఇచ్చే లైసెన్సంటూ లేదు. అనుమతి ఇవ్వాల్సింది రవాణా శాఖ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 2022 డిసెంబరులో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్టరైన బండ్లతో వ్యాపారం చేసే ప్రతి డీలరూ 29ఏ ఫారంతో దరఖాస్తు చేసి, 29బీ ధ్రువపత్రం తీసుకోవాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. దానికి తోడు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉండాలి. పోలీసుల చేతిలో నిజంగా అనుమతి ఉన్నది పెట్రోలు బంకుల్లాంటి వాటికి. కమిషనరేట్ ఉన్న నగరాల్లో బంకుకు నిరభ్యంతర పత్రం పోలీసు కమిషనర్ దగ్గర తీసుకోవాలి, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర. తమిళనాడువాళ్లు 1985లోనే పాత ఇనుము కొట్లతో పాటు సెకండ్‌హ్యాండ్ సరుకు అమ్మేవాళ్లు, ఆటోమొబైల్ వర్క్‌షాపులు, టింకరింగ్ షెడ్లను కూడా లైసెన్సు కిందికి తెస్తూ ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. చెన్నై వైపు బంధువులున్నవాళ్లు ఆ సంగతి విని ఇక్కడా అంతేననుకుంటారు. పక్క షాపాయనా అలాగే విని ఉంటారు.

లైసెన్సు ఇవ్వకపోయినా పోలీసులు మాత్రం వస్తారు, రావాలి కూడా. దొంగిలించిన బైకు చివరికి చేరేది మా దగ్గరికో, విడిభాగాలు విప్పి అమ్మేవాళ్ల దగ్గరికో. చోరీ సొత్తని తెలిసీ కొంటే, లేదా అలా అనుమానించాల్సిన కారణం ఉండీ కొంటే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. అదే అలవాటుగా చేసేవాడికి యావజ్జీవం దాకా వేయవచ్చు. అందుకే మా లైనులో అందరికీ భయమైన మాట 'రిసీవర్', అంటే చోరీ సొత్తు కొనేవాడు. దొంగతనాల కేసులు చూసే క్రైమ్ పార్టీ పోలీసులు ఆ మాట వాడారంటే ఆ రోజు షట్టరు దించేసినట్టే.

ఒకసారి దసరాల్లో, నవరాత్రులు నడుస్తుండగా, ఒక కుర్రాడు సాయంత్రం షాపు మూసే వేళకు స్ప్లెండర్ తెచ్చాడు. ఏపీ 16 బండి. "బాబాయ్, అమ్మ ఆసుపత్రిలో ఉంది, రాత్రికి డబ్బు కట్టాలి" అన్నాడు. సీ బుక్ మేనమామ పేరున ఉందన్నాడు. అడిగిన ధర మార్కెట్‌లో సగం కూడా లేదు. మామయ్యకు ఒకసారి ఫోను కలపమన్నాను. కలుపుతున్నట్టు వేలితో తెర జరుపుతూ ఉన్నాడు తప్ప రింగయింది లేదు.

నేనీలోగా మా మెకానిక్‌ను పెన్సిల్ ప్రింట్ తీయమన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతాను. స్ప్లెండర్‌కు ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింది మెడ గొట్టం మీద అచ్చుగుద్ది ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో అక్కడి మడ్డి తుడిచి, పల్చటి కాగితం ఆనించి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని రుద్దితే పదిహేడు అక్షరాలూ కాగితం మీదికి లేస్తాయి. ఆ పదిహేడింటిలో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ ఎప్పుడూ ఉండవు, ఒకటి, సున్నాలతో కలిసిపోతాయని. మా వాడు తెచ్చిన కాగితం మీద మొదటి పదమూడూ సన్నగా, ఒకే వరసలో, ఒకే లోతులో ఉన్నాయి. చివరి నాలుగూ లావు. వాటిలో ఒకటి పక్కకు ఒరిగింది. ఎనిమిది అంకె కడుపులోంచి ఇంకో అంకె వంపు కనిపిస్తోంది. లైటు దగ్గరగా పట్టి చూస్తే అక్కడ ఆకురాయి పెట్టి అరగదీసిన గీతలు, వాటి మీద కొత్త నల్లరంగు. వేలు ఆనిస్తే పల్లం తెలిసింది.

టీ తెప్పిస్తానని కుర్రాణ్ణి కూర్చోబెట్టి లోపలి నుంచి స్టేషన్‌కు ఫోను చేశాను. అతనికి అర్థమైపోయినట్టుంది. టీ వచ్చేసరికి బండి వదిలేసి వెళ్లిపోయాడు. దుర్గమ్మ కొండ కింద బందోబస్తులో ఉన్నారేమో, కానిస్టేబుళ్లు ఆలస్యంగా వచ్చారు. బండి, తాళం, సీ బుక్ తీసుకున్నారు. ఒక కాగితం రాసివ్వండి సార్ అన్నాను. "ఎస్సై గారు డ్యూటీలో ఉన్నారు, రేపు రండి" అన్నారు. కనీసం నా రిజిస్టర్‌లోనైనా సంతకం పెట్టండని పట్టుబట్టాను. పెద్దాయన విసుక్కుంటూనే టైము వేసి సంతకం చేశారు. దాని పక్కనే ఆ పెన్సిల్ ప్రింట్ అతికించాను. మర్నాడు వెళ్లాను, ఆ తర్వాతా వెళ్లాను. రసీదు మాత్రం రాలేదు.

కొన్ని నెలలు గడిచాక పొరుగు జిల్లా క్రైమ్ పోలీసులు మఫ్టీలో వచ్చారు. ఆ కుర్రాడు వేరే కేసులో దొరికి, ఫలానా కన్సల్టెన్సీలో ఒక స్ప్లెండర్ వదిలానని నా షాపు పేరు చెప్పాడట. "బండి ఎక్కడ పెట్టావు? ఎంతకు కొన్నావు? జీపు ఎక్కు" అన్నారు. వీధిలో అందరూ చూస్తున్నారు. మా ఆవిడ అన్నం క్యారేజీ పట్టుకుని అప్పుడే వచ్చింది. నేను గొంతు పెంచలేదు. రిజిస్టర్ తెరిచి ఆ పేజీ ముందు పెట్టాను. వచ్చినవాళ్లలో హెడ్ కానిస్టేబుల్ గారు పెన్సిల్ ప్రింట్‌ను చాలాసేపు చూశారు, సంతకం చూశారు, మా స్టేషన్‌కు ఫోను చేశారు. బండి అక్కడే ఆవరణలో, గోడ పక్కన ఉంది. ఇచ్చింది నేనేనన్న నమోదు మాత్రం ఎక్కడా లేదు. ఆ సంతకమే లేకపోతే ఆ రోజు నేను రిసీవర్‌నే. చివరికి సాక్షినయ్యాను, కోర్టుకూ వెళ్లి చెప్పాను. మా వీధిలోనే ఇంకొకాయనకు ఇలాంటిదే ఎదురైంది. ఆయనకు రిజిస్టరూ లేదు, బండి ఎవరు, ఎప్పుడు ఇచ్చారో రాసుకున్న డెలివరీ నోటూ లేదు. బండి పోయింది, ఇచ్చిన డబ్బు పోయింది, కేసులో పేరు చేరింది.

అందుకే నేనంటాను, పోలీసులు మాకు లైసెన్సులు ఇవ్వనక్కర్లేదు. రసీదు ఇస్తే చాలు. అనుమానం ఉన్న బండిని ఒక వ్యాపారి తనంతట తాను అప్పగించినప్పుడు అక్కడికక్కడే తేదీ, టైము, ఛాసిస్ నంబరుతో ఒక చీటీ రాసివ్వడం ఎంత పని? అలా చేస్తే ఊళ్లోని ప్రతి కన్సల్టెన్సీ పోలీసులకు కళ్లూ చెవులూ అవుతుంది. సాయం చేసినవాడినే జీపెక్కమంటే రేపటి నుంచి మాకెందుకులే అని కుర్రాణ్ణి పంపేస్తారు. అతను పక్క ఊళ్లో అమ్ముకుంటాడు. లైసెన్సు కూడా స్టేషన్‌కే అప్పగిస్తే బాగుపడుతుందనేవాళ్లను నేను అస్సలు ఒప్పుకోను. నేరం పట్టేవాడి చేతిలోనే మన షాపు తెరవాలా వద్దా అన్న అధికారం కూడా ఉంటే, ఫోను చేసి చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

స్టేషన్ ఆవరణల సంగతి కూడా చెప్పాలి. పట్టుకున్న బండ్లను ఏళ్ల తరబడి అలా ఉంచడంలో ప్రయోజనం లేదని, ఫొటోలు, పూచీకత్తు తీసుకుని త్వరగా తేల్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఏ స్టేషన్‌కైనా వెళ్లి చూడండి. సీట్లు చిరిగి, ట్యాంకులు తుప్పు పట్టి, చక్రాల మధ్యలోంచి పిచ్చి మొక్కలు మొలిచిన బళ్లు ఎన్నో. ఒక్కో దాని వెనుక అప్పు చేసి కొనుక్కున్న మనిషి ఉన్నాడు. నాకు అవి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో బాధ కూడా ఉంది. పూర్వం ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 7 అంటే గుంటూరు అని దూరం నుంచే తెలిసేది. "ఎక్కడి బండి?" అని అడిగి, మాట తేడా వస్తే పట్టుకునేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ఆధారం పోయింది. తెలంగాణ బండ్ల వివరాలు చాలా ఏళ్లపాటు, బండ్ల రిజిస్ట్రేషన్లు చూసుకునే కేంద్రం వాహన్ పోర్టల్‌లో లేవు. సరిహద్దుకు గంట దూరంలో ఉన్న మాకు ఆ కాలంలో కళ్లకు గంతలు కట్టినట్టే ఉండేది.

పేరు మార్పిడి విషయంలో మాత్రం తప్పు మా వ్యాపారులదే ఎక్కువ. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండానే బండిని చేతులు మార్చడం మన దగ్గర పాత అలవాటు. నిజానికి సొంత రాష్ట్రంలో అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. వరసగా చేతులు మారిన కారుతో ప్రమాదం జరిగితే, రిజిస్ట్రేషన్‌లో పేరున్న మొదటి యజమానే పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది. 2025 నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా అలా చేతులు మారినదే. పోలీసులు మొదట తలుపు తట్టింది ఎప్పుడో అమ్మేసుకున్న పాత యజమానిదే. కొత్త నిబంధనల్లో నాకు బాగా నచ్చింది 29సీ ఫారం. బండి డీలరు చేతికి రాగానే దాన్ని ఆన్‌లైన్‌లో పెడితే, అక్కడి నుంచి బాధ్యతంతా డీలరుది. అమ్మిన మనిషి నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఇక ఎస్సై గారు వస్తే మీరు చూపించాల్సింది: 29బీ ధ్రువపత్రం, ట్రేడ్ లైసెన్సు, కొన్న ప్రతి బండికీ అమ్మినవారి ఆధార్ నకలు, ఫొటో, పెన్సిల్ ప్రింట్ అతికించిన రిజిస్టర్. డీలరు దగ్గరున్న బండిని ట్రయల్, సర్వీసింగ్, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కించాలి. ప్రతిసారీ ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టర్‌లో రాయాలి. అదీ అడుగుతారు. సాక్షిగా స్టేషన్‌కు రమ్మంటే రాతపూర్వక నోటీసు మర్యాదగా అడగండి. నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. కొనే ముందు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల వాహన ఎన్‌వోసీ సేవలో ఆ బండి చోరీ జాబితాలో ఉందేమో చూసి, ఆ పేజీ నకలు ఫైల్లో పెట్టండి. షాపు అద్దెకు అడ్వాన్సు ఇచ్చేశారట కదా, 29ఏ దరఖాస్తు ఈ వారమే పెట్టేయండి. 29బీ ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా ఎంత చవకగా వచ్చినా ఒక్క బండి కూడా కొనవద్దు.