రేటింగ్ సంగతి తర్వాత, ముందు సీను చెప్పు

తమ్ముడూ,

అమలాపురం నుంచి నువ్వు పంపిన రివ్యూలన్నీ చదివాను. కథ చెప్పావు, హీరో ఎనర్జీ చెప్పావు, "నిర్మాణ విలువలు బాగున్నాయి, ఎడిటింగ్ ఇంకాస్త క్రిస్ప్‌గా ఉండాల్సింది" అని రెండున్నర ఇచ్చేశావు. సినిమా పేరు మార్చి ఇదే రివ్యూ ఇంకోదానికి వేసినా ఎవరూ పట్టుకోలేరు. ఏ సీను సాగింది? ఎడిటర్ కత్తెర వేయలేదా, రాసినాయనకే ఆ సీను ముగించడం చేతకాలేదా? రెండూ ఒకటి కాదు కదా.

పాత సినిమా పత్రికల్ని నెత్తిన పెట్టుకోమని మా తరంవాళ్ళు అంటుంటారు, నేను అంత దూరం పోను. 1966లో మొదలైన విజయచిత్ర అచ్చు అందంగా ఉండేది, కానీ దాన్ని పెట్టింది సినిమాలు తీసే నాగిరెడ్డిగారే. సినిమా ప్రకటనల మీద బతికే ఏ పత్రికైనా సినిమాని ఎంత గట్టిగా అంటుంది చెప్పు! అసలు విమర్శ కావాలంటే కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాలు చదువు, మొహమాటం కనపడదు.

మన ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ కూడా సినిమాలకి రాయకముందు ఆంధ్రపత్రికలో రివ్యూలు రాసినవాడే. తర్వాత ఆయన రాయగా బాపు తీసిన 'సాక్షి' (1967) చూడు. మద్రాసులో సెట్టు వేసుకోకుండా మన గోదావరి పల్లె పులిదిండి వచ్చి తీశారు, అదీ బ్లాక్ అండ్ వైట్‌లో, అంటే "గోదావరి పచ్చదనం కనువిందు" అని రాసి తప్పించుకోవడానికి లేదు. హత్య చూసి సాక్ష్యం చెప్పిన పడవవాణ్ణి ఊరు ఒంటరిగా వదిలేసే కథ అది, ఆ ఊరు నిజం ఊరు కాకపోతే భయం పుట్టదు. లొకేషన్ గురించి రాయడమంటే ఇలా రాయాలి.

ఇప్పుడు తెర మీద మన కోనసీమంటే కొబ్బరితోట, పూతరేకులు, మాటకో "ఆయ్". అందులో ఎక్కడ తేడా కొట్టిందో హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి తెలియకపోవచ్చు, నీకు తెలుస్తుంది, అయినా నీ రివ్యూలో ఆ ముక్క ఒక్కటీ లేదు!

ఈసారి ఒక్క సీను గురించే రెండు పేజీలు రాసి పంపు, స్టార్లు వద్దు. బెనిఫిట్ షోకి మాత్రం వెళ్ళకు, ఆ కాగితాల గోలలో డైలాగే వినపడదు. సోమవారం మ్యాటినీకి వెళ్ళు.